ఐదో రోజు ఏమైంది? సర్జన్ల చేతిలో సోషల్ మీడియా

(చిప్పగిరిలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు ప్రతి)



చిప్పగిరిలో డాక్టరుగారు అంటే ఒక్కరే. ఇంటిపేరు చెప్పే అవసరం ఈ ఊళ్లో ఏనాడూ రాలేదు, ఈ రోజూ రాదు. ఆయన పేరు మీద సర్జన్లు, సోషల్ మీడియా అనే విషయం మాట్లాడతానని చెప్పినప్పుడు ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. జీవితమంతా స్టెతస్కోపుతో, చేతివేళ్లతో రోగాన్ని పట్టుకున్న మనిషి కదా, ఆయన జ్ఞాపకంగా సెల్‌ఫోన్ల సంగతి ఎందుకు అన్నారు. నా జవాబు ఇది. డాక్టరుగారికి చేతిలో పనితనం తక్కువ కాలేదు. పుస్తకాలకు కొదవ లేదు. ఆయనకు లేనిదల్లా ఒక్కటే. ఆపరేషన్ అయిన మర్నాడు ఎదురుగా కూర్చుని, "ఎందుకట్లా చేశావు? ఇంకో దారి లేదా?" అని అడిగే తోటి సర్జన్ లేడు. ఆ మనిషి ఇప్పుడు మన జేబులో ఉన్నాడు. అతణ్ణి ఎలా వాడుకుంటున్నాం, ఎలా వాడుకోవాలి అన్నదే నేను మాట్లాడాలనుకున్న విషయం.

చిప్పగిరి మనిషికి రాత్రిపూట కడుపునొప్పి మొదలైతే ఇంట్లో మొదట జరిగేది వైద్యం కాదు, దారి గురించిన చర్చ. గుంతకల్లుకా, ఆదోనికా, బళ్లారి విమ్స్ ఆసుపత్రికా, కర్నూలు పెద్దాసుపత్రికా? మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నాం. దగ్గర్లోని ఊళ్లో సర్జన్ ఒక్కడే ఉంటాడు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడి వార్డుల్లో ప్రొఫెసర్ల ప్రశ్నలకు చెమటలు పట్టించుకుని వచ్చినవాడే. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ప్రతి కోతకూ లెక్క అడిగేవాళ్లున్నారు. రోగి చనిపోతే దాని మీద ఒక మీటింగు జరిగేది, అందరి ముందు నిలబడి చెప్పాలి. చిన్న ఊరికి వచ్చిన రోజు నుంచి ఆ ప్రశ్నలు ఆగిపోతాయి. జనం దేవుడంటారు, లేదా గొడవకు వస్తారు. రెండింటిలోనూ చదువు లేదు. ఏడాదికోసారి సర్జన్ల సంఘం సమావేశం, వారాలు ఆలస్యంగా పోస్టులో వచ్చే జర్నలు, కంపెనీ ప్రతినిధి చెప్పే కబుర్లు, అంతే. మా ముందు తరం సర్జన్లు చాలామంది అలాగే మూడు నాలుగు దశాబ్దాలు పనిచేశారు.

ఇప్పుడు ఫోను ఆ లోటు పూడుస్తోంది. అయితే ఇలా వృత్తికి సంబంధం లేని చోట వచ్చిన బొమ్మ చూసి సర్జరీ నేర్చుకోవడం మన కాలపు వింత అనుకుంటే పొరపాటు. 1794 అక్టోబరులో లండన్‌లో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో ఒక ఉత్తరం, ఒక బొమ్మ అచ్చయ్యాయి. అది వైద్య పత్రిక కాదు. వాతావరణం, చావు పుట్టుకలు, పాత కట్టడాల వివరాలు, పార్లమెంటు సంగతులు కలిపి వేసే మాసపత్రిక. బొమ్మలోని మనిషి పేరు కోవాస్జీ. మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలినవాడు. 1792లో టిప్పు సైన్యానికి చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. కొంతకాలానికి పుణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు చేశాడు. మైనంతో ముక్కు అచ్చు తీసి, దాన్ని పలకలా చదును చేసి నుదుటి మీద పెట్టి, ఆ కొలతకు చర్మం కోసి, కనుబొమల మధ్య రక్తం అందేందుకు తొడిమలాంటి భాగం వదిలి, ఆ చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు చోట అతికించాడు. ఆ బొమ్మ చూసి లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ కదిలిపోయాడు. అలాగని మర్నాడే కత్తి పట్టలేదు. ఇండియా నుంచి వచ్చినవాళ్లను వాకబు చేశాడు, శవాల మీద సాధన చేశాడు. సరైన రోగి దొరికి ఆపరేషన్ చేసేసరికి 1814 వచ్చింది. 1816లో దాని మీద పుస్తకం వేశాడు. యూరప్‌లో ప్లాస్టిక్ సర్జరీ మళ్లీ ప్రాణం పోసుకున్నది అక్కణ్ణుంచే.

మన విషయమంతా ఆ కథలోనే ఉందని నాకనిపిస్తుంది. మామూలు జనం చదివే కాగితం మీది బొమ్మ సర్జన్‌కు చదువు చెప్పగలిగింది. చూసినవాడు ఇరవై ఏళ్లు ఓపిక పట్టాడు గనుక చెప్పగలిగింది. దాంతోపాటు రెండు అన్యాయాలూ జరిగాయి. రోగి పేరు, ముఖం లోకమంతా తిరిగాయి, అతణ్ణి ఎవరైనా అడిగారో లేదో మనకు తెలియదు. ఆపరేషన్ చేసిన పుణే మనిషి పేరు మాత్రం ఆ ఉత్తరంలో లేదు. ఈ రెండు అన్యాయాల దగ్గరికీ మళ్లీ వస్తాను.

ఇక ఇప్పటి సంగతి. ఒక రాత్రి ఎలా నడుస్తుందో చెబుతాను. ఇక్కడున్న సర్జన్లందరికీ అలవాటైన రాత్రే. గుంటూరు వైపు సుగ్గికి, అంటే పనుల కాలం వలసకు, పోయి తిరిగొచ్చిన కూలీ, ముప్ఫై ఏళ్లవాడు. రెండు వారాలుగా జ్వరం, మిరపచేలోనే మాత్రలు మింగుతూ పనిచేశాడు. రెండు రోజుల కిందట కడుపులో ఒక్కసారిగా నొప్పి లేచింది. మనవాళ్లు ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి (అపెండిసైటిస్) అనుకుని తీసుకొచ్చారు. కడుపు బల్లలా గట్టిగా ఉంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడివైపు కాలేయానికీ డయాఫ్రమ్‌కూ మధ్య గాలి నల్లటి నెలవంకలా కనబడుతోంది. పేగుకు చిల్లు పడిందన్నమాట. కడుపు తెరిస్తే చిన్నపేగు చివర్లో టైఫాయిడ్ చిల్లు, చుట్టూ పేగుగోడ వాచి, దారం లాగితే తెగేలా ఉంది. ఇప్పుడు సర్జన్ ముందున్న ప్రశ్న ఒకటే. చిల్లు మూసి కుట్టి వచ్చేయాలా, పేగును కడుపు మీదికి తీసి స్టోమా పెట్టాలా?

నర్సు ఫోను పట్టుకుంది. ఫొటో సర్జన్ల వాట్సాప్ గ్రూపుకు వెళ్లింది. మంచి గ్రూపుకూ మామూలు గ్రూపుకూ తేడా మొదటి జవాబులోనే తెలిసిపోతుంది. మామూలు గ్రూపులో చప్పట్ల బొమ్మలు, దణ్ణాల బొమ్మలు, "బ్రహ్మాండం తమ్ముడూ" అనే మాటలు వస్తాయి. మంచి గ్రూపులో ప్రశ్నలు వస్తాయి. బీపీ ఎంత? మూత్రం వస్తోందా? చిల్లు పడి ఎన్ని గంటలైంది? ఇంకెక్కడైనా పేగు పలచబడిందా, మొత్తం చూశావా? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటూ పోతే సర్జన్‌కు తన నిర్ణయం తనకే తెలిసిపోతుంది. ఈ రోగికి కుట్టు నిలబడదు, స్టోమాయే ప్రాణం కాపాడుతుంది. ఇందులో బాధ్యత ఎవరిదన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టరు ఇంకో డాక్టరు సలహా అడగడాన్ని ఒప్పుకున్నాయి. అడిగినవాడే చికిత్సకు బాధ్యుడని కూడా తేల్చి చెప్పాయి. ఫోనులో ఎంతమంది ఉన్నా కత్తి పట్టిన చెయ్యి ఒక్కటే.

అసలు పరీక్ష ఆ రాత్రి కాదు, ఐదో రోజున. కుట్లు విడిపోయేది, లోపల చీము చేరేది, జ్వరం మళ్లీ ఎక్కేది ఆ రోజుల్లోనే. ఐదో రోజు పొద్దున గ్రూపులో ఒకరైనా "ఆ పేషెంటు ఏమయ్యాడు?" అని అడిగితే అది బడి. అడగకపోతే అది కాలక్షేపం. నా అనుభవంలో ఆపరేషన్ ఫొటోలు వందలు చూస్తాం, ఐదో రోజు ఫొటోలు అరుదు. గాయం పగిలిన ఫొటో పెట్టే ధైర్యం ఉన్న సర్జన్ దగ్గర నేర్చుకునేది, గెలిచిన ఫొటోలు పెట్టే పదిమంది దగ్గర దొరకదు. సోషల్ మీడియా ఇచ్చే మేలంతా నలుగురికీ కనబడటంలో ఉందని చాలామంది అనుకుంటున్నారు. నలుగురి ప్రశ్నకూ దొరకడంలో ఉందని నేను నమ్ముతున్నాను.

ప్రపంచంలో ఈ పని గట్టిగా చేసినవాళ్లున్నారు. 2012లో న్యూయార్క్ సర్జన్ బ్రయాన్ జేకబ్ హెర్నియా సర్జన్ల కోసం ఫేస్‌బుక్‌లో ఒక మూసిన గ్రూపు మొదలుపెట్టాడు.  తిరగబెట్టిన హెర్నియాలు, మెష్ అనే జాలికి చీము పట్టిన కేసులు, వీడియోలు అందులో పెడతారు. వేల మంది చేరారు. పుస్తకం రాసిన పెద్ద సర్జన్, ఆ పుస్తకం కొనలేని చిన్న ఊరి సర్జన్ ఒకే కేసు కింద పక్కపక్కన రాస్తారు. 2014లో ట్విట్టర్‌లో అంతర్జాతీయ సర్జరీ జర్నల్ క్లబ్ మొదలైంది. ఒక పరిశోధన పత్రాన్ని తీసుకుని, రాసినవాళ్ల ఎదుటే దేశదేశాల సర్జన్లు దాన్ని చీల్చి చెండాడేవారు. 2016లో మిషిగన్ సర్జన్ ఆండ్రూ ఇబ్రహీం విజువల్ అబ్‌స్ట్రాక్ట్ అనే పద్ధతి తెచ్చాడు. పరిశోధన సారాన్ని మూడు బొమ్మల్లో, నాలుగు అంకెల్లో చెప్పే పోస్టరు. ఊరికే పేరు పెట్టిన పత్రం కంటే అలా పెట్టిన పత్రాన్ని దాదాపు మూడు రెట్లు ఎక్కువ మంది తెరిచి చూశారని మరుసటి ఏడాది వాళ్లే లెక్క చూపారు. రెండు ఓపీలకు మధ్య టీ తాగే సమయమే ఉన్న మన సర్జన్‌కు ఇది వరం. అయితే పోస్టరు చూసి పత్రం చదివాననుకోకూడదు. ఏ రోగుల్ని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు అనేది పోస్టర్‌లో ఉండదు.

వీడియోల దగ్గర కాస్త ఆగాలి. జూనియర్లు రేపటి ఆపరేషన్‌కు ఈ రాత్రి సిద్ధమయ్యేది ఎక్కువగా యూట్యూబ్‌తోనే. అమెరికాలోనూ అంతే, మన దగ్గరా అంతే. 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశారు. ఆ రోజుల్లో అది నేర్చుకోవాలంటే ముంబైకో, విదేశానికో పోవాలి. ఇప్పుడు అదే ఆపరేషన్ ఎమ్మిగనూరులో మంచం మీద పడుకుని చూడొచ్చు. చూసేదేమిటి మరి? గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో ప్రమాదమంతా ఒక్క చోట ఉంది. గాల్‌బ్లాడర్ గొట్టం అనుకుని కాలేయం నుంచి వచ్చే ప్రధాన పైత్యనాళాన్ని కోస్తే ఆ రోగి జీవితమే తలకిందులవుతుంది. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్, ఆయన సహచరులు ఒక నియమం పెట్టారు. క్లిప్పు వేసే ముందు గాల్‌బ్లాడర్ గొట్టం, ప్రధాన పైత్యనాళం, కాలేయం మధ్య ఉన్న త్రికోణంలోని కొవ్వు, పొరలు అన్నీ శుభ్రం చేయాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడదీయాలి. గాల్‌బ్లాడర్‌లోకి పోయే నాళాలు రెండే రెండు కనబడాలి, మూడోది ఉండకూడదు. ఈ మూడూ కనబడేదాకా కత్తెర తీయకూడదు.

ఇప్పుడు జనం ఎక్కువగా చూసిన వీడియోను తెరవండి. ఆరు నిమిషాల వీడియో. వెనక సంగీతం. మొదటి నిమిషంలో కడుపులోకి కెమెరా. మూడో నిమిషానికి క్లిప్పులు పడిపోయాయి. ఆ మధ్యలో, అంటే అసలు ఆపరేషన్ జరిగిన ముప్పావుగంటలో, కత్తిరింపు. త్రికోణం శుభ్రం చేసిన భాగం ఎక్కడ? గాల్‌బ్లాడర్ వెనక నుంచి కాలేయం కనబడిన క్షణం ఎక్కడ? బొటనవేలితో వీడియో వెనక్కి జరిపి, ఆపి చూడండి. చాలాసార్లు దొరకదు. అమెరికా సర్జన్లు 2017లో ఇలాంటి వీడియోలను ఒక్కొక్కటే పరిశీలించారు. ఎక్కువ మంది వాడుకునే వీడియోల్లో కూడా ఈ మూడు నియమాలూ సరిగ్గా కనబడినవి చాలా కొద్ది అని తేల్చారు. రక్తం కారిన చోట, చెయ్యి తడబడిన చోట ఎడిటర్ కత్తెర వేస్తాడు. జూనియర్‌కు కావాల్సింది ఆ తడబాటే. 2018లో లాప్రోస్కోపీ వీడియోలు ఎలా ఉండాలో అంతర్జాతీయ సర్జన్లు మార్గదర్శకాలు రాసుకున్నారు. రోగి వివరాలు, ఫలితం, వచ్చిన ఇబ్బందులు అన్నీ వీడియోలోనే చెప్పాలన్నారు. మన కర్నూలు, అనంతపురం, బళ్లారి కాలేజీల పీజీలకు నేను చెప్పేదొకటే. ఏ వీడియో చూసినా చేసినవాడి పేరు, రోగి తర్వాత ఏమయ్యాడన్నది అందులో లేకపోతే దాన్ని నేర్చుకునేందుకు వాడకండి.

పేరు అన్నాను గనుక ఈ ఊరి గురించి ఒక మాట. కన్నడ హరిదాసు విజయదాసులు తన చివరి రోజులు గడిపి, 1755లో దేహం చాలించింది ఇక్కడే. ఆ దాసుల సంప్రదాయంలో ఏ కీర్తనా అంకితం, అంటే కవి ముద్ర, లేకుండా ఉండదు. చివర్లో విజయ విఠల అని వచ్చిందంటే ఆ మాటకు బాధ్యుడెవరో విన్నవాడికి తెలుస్తుంది. ముసుగు పేర్లతో వైద్య సలహాలు ఇచ్చే ఖాతాలు వేలల్లో ఉన్న ఈ రోజుల్లో, సర్జన్ రాసే ప్రతి వాక్యం కిందా అలాంటి ముద్ర ఉండాలి.

ఇక పదిమంది పెద్ద సర్జన్లు ఔనన్నంత మాత్రాన ఒక మాట నిజమైపోతుందా? దీనికి మన హైదరాబాదే జవాబు చెప్పింది. 1880ల్లో అక్కడి రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఒక గట్టి వాదం చేశాడు. మత్తుమందు క్లోరోఫాం వల్ల గుండె ఆగదు, ఊపిరి ఒక్కటి కనిపెట్టుకుంటే చాలు అన్నాడు. 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఆ మాటే చెప్పింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అంది. 1889లో లాడర్ బ్రంటన్ ఓడ ఎక్కి వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ఆ బృందంలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే మెడికల్ స్కూల్ విద్యార్థిని కూడా ఉంది. మత్తు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఆమె ఒకరు. వచ్చిన బ్రంటన్ కూడా చివరికి లారీ పక్షానే నిలిచాడు. ఆనాటి సోషల్ మీడియా అంటే లాన్సెట్ ఉత్తరాల పుటలే. అంత పెద్ద చర్చ, అంత డబ్బు, అంత మంది పెద్దలు ఒక వైపు. అయినా ఆ తీర్పు తప్పు. తక్కువ మోతాదు క్లోరోఫాంలో గుండె ఒక్కసారిగా అదుపు తప్పి కొట్టుకుని ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు.

హైదరాబాద్ కమిషన్‌ను నేను తక్కువ చేయడం లేదు. వాళ్లు చేసింది బహిరంగంగా చేశారు, లెక్కలన్నీ అచ్చు వేశారు, అందుకే తర్వాతివాడు దాన్ని పరీక్షించగలిగాడు. మన గ్రూపుల్లో ఒక సీనియర్ "నేను ముప్ఫై ఏళ్లుగా ఇదే చేస్తున్నా" అంటే చర్చ అక్కడితో ముగుస్తోంది. లెక్క ఎక్కడ అని అడగడం అగౌరవం అనుకుంటున్నాం. అన్నా, మీ కేసులు ఎన్ని, ఎన్ని తిరగబెట్టాయి అని మర్యాదగానే అడగొచ్చు. అలా అడిగినవాణ్ణి గ్రూపు నుంచి తీసేసే అడ్మిన్లు ఉన్నారు. అలాంటి గ్రూపులో ఉండటం కంటే లేకపోవడం మేలు.

సోషల్ మీడియా కేవలం మాటల దగ్గర ఆగలేదు, పెద్ద లెక్కలు కూడా తీసింది. కోవిడ్ రోజుల్లో ఎవరికి, ఎప్పుడు ఆపరేషన్ చేయాలో ఎవరికీ తెలియనప్పుడు, బర్మింగ్‌హామ్ కేంద్రంగా ఒక కూటమి ప్రపంచమంతా ఉన్న జూనియర్ సర్జన్లను ట్విట్టర్, వాట్సాప్‌ల ద్వారా కూడగట్టింది. 116 దేశాల నుంచి లక్షా నలభై వేల మంది రోగుల వివరాలు వచ్చాయి. కోవిడ్ వచ్చాక వీలైతే ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేయమని 2021లో చెప్పగలిగింది ఆ లెక్కల వల్లే. అదే ఒరవడిలో 2022లో లాన్సెట్‌లో చీతా అనే ప్రయోగం వచ్చింది. మన దేశంతో కలిపి ఏడు దేశాలు, 81 ఆసుపత్రులు, 13,301 మంది రోగులు. కడుపు మూసే ముందు టీమంతా గ్లవ్స్ మార్చుకుని, కొత్త పరికరాలు తీసుకుంటే గాయానికి చీము పట్టడం 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. రోబో అక్కర్లేదు. ఒక జత గ్లవ్స్, విడిగా కాచిపెట్టిన ఒక చిన్న ట్రే. ఇలాంటి సంగతి డాక్టరుగారి కాలంలో ఈ ఊరికి రావడానికి ఏళ్లు పట్టేది. ఇప్పుడు అదే వారం వస్తోంది. వచ్చాక మన థియేటర్లో అదనపు ట్రే ఉందా లేదా అన్నదే ప్రశ్న. అది సర్జన్ ఒక్కడి ప్రశ్న కాదు, ఆసుపత్రి నడిపేవాళ్లది కూడా.

ట్వీట్ చేస్తే పరిశోధనకు పేరొస్తుందా అని కుర్ర సర్జన్లు అడుగుతుంటారు. గుండె, ఊపిరితిత్తుల సర్జన్ల బృందం ఒకటి 2020లో, చేస్తే ఉటంకింపులు పెరుగుతాయని చూపింది. 2024లో వేరే శాస్త్రవేత్తలు మూడేళ్ల ప్రయోగం చేసి, పెద్ద తేడా లేదన్నారు. ఆ ఆశతో మాత్రం పెట్టకండి.

మహిళా సర్జన్ల విషయంలో సోషల్ మీడియా చేసిన మేలును పూర్తి మనసుతో ఒప్పుకోవాలి. 2015లో అమెరికాలో హెదర్ లోగీ అనే వైద్యురాలు "నేనూ సర్జన్‌లాగే ఉంటాను" అనే అర్థం వచ్చే హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టింది. 2017 ఏప్రిల్‌లో న్యూయార్కర్ పత్రిక ముఖచిత్రంగా ఆపరేషన్ బల్ల మీదికి వంగి చూస్తున్న నలుగురు సర్జన్ల బొమ్మ వచ్చింది, నలుగురూ ఆడవాళ్లే. దేశదేశాల మహిళా సర్జన్లు అదే భంగిమలో ఫొటోలు దిగి పెట్టారు. ఒక జర్నల్, యువ సర్జన్లు ఈత దుస్తుల్లో ఫొటోలు పెట్టడాన్ని వృత్తికి తగనిదిగా లెక్కగట్టిన పత్రాన్ని అచ్చువేసింది. 2020 జూలైలో అభ్యంతరాలు వెల్లువెత్తడంతో దాన్ని వెనక్కి తీసుకుంది. రూపాబాయి పేరు వెలికి రావడానికి వందేళ్లు పట్టింది. ఈ రోజు ఆదోనిలో ఒక అమ్మాయి సర్జన్ కావాలనుకుంటే, తనలాంటివాళ్లను ఆ సాయంత్రమే చూడగలదు.

ఇప్పుడు కోవాస్జీకి జరిగిన అన్యాయం దగ్గరికి వస్తాను. మన ప్రాంతపు రోగి పరువు కాపాడటం నగరంలో కంటే కష్టం. కళ్ల మీద నల్ల గీత పెడితే సరిపోతుందనుకుంటారు. మన పల్లెల్లో పెద్దామె ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. అందులో భర్త పేరు ఉంటుంది, ఒక్కోసారి ఊరి దేవత బొమ్మ ఉంటుంది. కడుపు ఫొటోలో ఆ చెయ్యి అంచు పడితే చాలు, ఊరంతా ఎవరో చెప్పేస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్ మూలలో పేరు, వయసు ఉంటాయి. స్కానింగ్ తెర పైభాగంలో తేదీ, సమయం. నడుముకు కట్టిన మొలతాడు, తాయెత్తు. ఇవన్నీ మా కళ్లకు అలవాటై కనబడవు. వాట్సాప్‌లో పంపిన ఫొటో బంధువు ఫోనుకు తిరిగొచ్చిన ఉదంతాలు మన జిల్లాల్లో వైద్యులందరికీ తెలుసు.

2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారం రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు అనుమతి లేకుండా ప్రచురించకూడదు, ఎవరో తెలియనప్పుడు అనుమతి అక్కర్లేదు. 2023 ఆగస్టు 2న జాతీయ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిలో సోషల్ మీడియా మీద ప్రత్యేకంగా రాసింది. లైకులు, ఫాలోవర్లు కొనకూడదు, రోగుల ఫొటోలు, స్కాన్లు పెట్టకూడదు, అబ్బో అనిపించే ఆపరేషన్ ఫలితాల వీడియోలు మానుకోవాలి అంది. మూడు వారాలకే, ఆగస్టు 23న, ఆ నిబంధనలు మొత్తం నిలిపివేసింది. కాబట్టి 2002 నాటివే మళ్లీ నిలిచాయి. "ఎవరో తెలియనప్పుడు" అన్న వెసులుబాటు మన దగ్గర పనికిరాదని నా నమ్మకం. ఈ ప్రాంతంలో తెలియకపోవడమన్నది ఉండదు. ప్రతిసారీ అడగాలి.

2024 ఫిబ్రవరిలో, బళ్లారి అవతల చిత్రదుర్గ జిల్లాలో, ప్రభుత్వ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఒక కాంట్రాక్టు డాక్టరు పెళ్లికి ముందు ఫొటోషూట్ చేయించుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అందరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. థియేటర్ అంటే వేదిక అనుకునే కుర్రాళ్లను తయారు చేసింది మనమే. ఎంత చదివావు అని కాకుండా ఎంతమంది ఫాలోవర్లు అని అడగడం మొదలుపెట్టింది మనమే.

జనానికి తెలుగులో ఆరోగ్య సంగతులు చెప్పడం వేరే పని, గొప్ప పని కూడా. విజయవాడ సర్జన్ డాక్టర్ రవికాంత్ కొంగర యూట్యూబ్‌లో తేట తెలుగులో మాట్లాడితే పల్లెల్లో ఆడవాళ్లు శ్రద్ధగా వింటున్నారు. హైదరాబాద్ సర్జన్ డాక్టర్ పి. రఘురామ్ రొమ్ము ఆరోగ్యం మీద మన భాషల్లో యాప్ తెచ్చారు. అది వేరే ఉపన్యాసానికి తగిన విషయం, ఇక్కడ విస్తరించను.

రెండో అన్యాయం పుణే మనిషిది. చేసినవాడి పేరు లేకపోవడం. ఇది మనకు నేరుగా తగులుతుంది. మనం చూస్తున్నాం, చూపించడం లేదు. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ అనే సర్జన్ పనిచేశారు. హెర్నియాకు వేసే మెష్ పేదవాడికి అందని ధర ఉందని, దోమతెర గుడ్డను శుద్ధి చేసి వాడి, తోటి పల్లె సర్జన్లతో కలిసి 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాశారు. నవ్వినవాళ్లున్నారు. 2016లో ఉగాండాలో జరిగిన పెద్ద ప్రయోగంలో దోమతెర మెష్, ఖరీదైన మెష్‌కు ఏ మాత్రం తీసిపోదని తేలి, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. పల్లె సర్జన్ ఆలోచన ప్రపంచానికి పనికొచ్చింది, ఆయన పేరు పెట్టుకుని మరీ.

ఆదోని జిన్నింగు మిల్లుల్లో చెయ్యి చిక్కుకుపోయిన కూలీలను మనం చూసినంతగా లండన్ చూసిందా? పత్తి ఒలిచే యంత్రంలో పడ్డ చెయ్యిలో చర్మం ఎలా ఊడివస్తుంది, దూది పీచు గాయంలో ఎంత లోతుకు దిగుతుంది, ఎన్నిసార్లు కడిగితే పోతుంది, ఏ వేలును నిలబెట్టవచ్చు, ఏది వదులుకోవాలి? సుగ్గి నుంచి ఆలస్యంగా వచ్చిన టైఫాయిడ్ చిల్లులో స్టోమా పెట్టిన రోగి, సంచీ కొనలేక, ఏం కట్టుకుని పొలానికి పోతున్నాడు? ఎద్దు పొడిచిన పొట్టల్లో కొమ్ము ఏ దిక్కుకు దారి చేస్తుంది? ఇవి మనకు తెలుసు. ఎక్కడా రాయలేదు. సీజన్‌కు ఎన్ని చేతులు వస్తున్నాయో ఆదోనిలో ఎవరి దగ్గరా ఒకే చోట లెక్క లేదు.

కాబట్టి ఈ సభ ముందు ఒక పని పెడుతున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, గుంతకల్లు సర్జన్లం ఒక మూసిన గ్రూపు పెట్టుకుందాం. అందులో మొదట జిన్నింగు గాయాలే. ప్రతి కేసుకూ గాయం రోజు, ఐదో రోజు, ఆరు నెలల తర్వాత ఫొటోలు తప్పనిసరి. ఆరు నెలల నాటికి ఆ చేత్తో చెంబు ఎత్తగలుగుతున్నాడా, మళ్లీ పనికి పోయాడా అన్నది రాయాలి. పెట్టిన ప్రతివాడూ తన పేరు పెట్టాలి. ఏడాదికి ఆ లెక్కల్ని మెడికల్ కాలేజీ పీజీలతో కూర్చుని పత్రంగా రాయాలి. మిల్లు యజమానులకు కూడా అదే లెక్క చూపి, యంత్రానికి కంచె ఎక్కడ లేదో చెప్పాలి.

దానికి ముందు రోగి సంతకం కావాలి. నేను ఒక కాగితం తయారు చేశాను. సరిహద్దు పల్లెల కోసం బళ్లారి మిత్రుడు కన్నడలోకి మారుస్తున్నాడు. చదువు రానివారికి వాళ్ల మనిషి ఎవరైనా చదివి వినిపించాలి, డాక్టరు కాదు. తెలుగు ప్రతి ఇలా ఉంది.

"నా గాయం ఫొటోలు, ఆపరేషన్ వీడియో డాక్టర్లు చదువుకోవడానికి వాడుకోవచ్చు. నా పేరు, ముఖం, ఊరు, పచ్చబొట్టు, మెడలో, చేతికి ఉన్నవి, ఆసుపత్రి నంబరు అందులో కనబడకూడదు. నేను ఒప్పుకోకపోయినా నాకు జరగాల్సిన వైద్యం అంతా జరుగుతుంది. తర్వాత వద్దనిపిస్తే తీసేయమని అడగొచ్చు. అప్పటికే వేరే డాక్టర్ల ఫోన్లలోకి పోయినదాన్ని మొత్తం తీసేయడం ఎవరి చేతిలోనూ ఉండదని నాకు ముందే చెప్పారు."

చివరి వాక్యం పెడితే ఎవరూ సంతకం పెట్టరని ఒక మిత్రుడు అన్నాడు. నిజం అదే గనుక ఉంచాను. ఇందులో మీ ఇంట్లో పెద్దలకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే సభ అయ్యాక నాకు చెప్పండి. ఆ కాగితం అచ్చుకు ఇచ్చేలోగా మారుస్తాను.